ఇంగ్లీషులో మాట్లాడేటప్పుడు ఏ మాటలు వదిలేయొచ్చు, ఏవి వదలకూడదు?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: రెండేళ్లుగా ఇంగ్లీషు నేర్చుకుంటున్నారు, గ్రామర్ బాగానే పట్టుబడింది. కానీ ఆఫీసు కాల్స్‌లో అవతలివాళ్లు "సౌండ్స్ గుడ్", "విల్ డూ", "గాట్ ఎ మినిట్?" అని రెండు మూడు మాటల్లో తేల్చేస్తుంటే, మీరు మాత్రం "యెస్, ఐ హ్యావ్ కంప్లీటెడ్ ద వర్క్ విచ్ యూ హ్యావ్ గివెన్ టు మీ యెస్టర్‌డే" అంటున్నారు. పక్క సీటు ఆయన "పాఠం అప్పజెప్పినట్టుంది" అన్నారు. అసలు ఏ మాటలు తీసేయొచ్చు, తీసేస్తే గ్రామర్ తప్పు అవదా అని అడిగారు.

ముందు సమాధానం చెప్పేస్తాను. తీసేయొచ్చు, తప్పు కాదు. కాకపోతే ఎక్కడ పడితే అక్కడ తీయకూడదు. మాట్లాడే ఇంగ్లీషులో మాటలు రాలిపోయేది ఎక్కువగా వాక్యం మొదట్లోంచి. మధ్యలోంచీ చివర్లోంచీ అంత తేలిగ్గా రాలవు. తెలుగులో మనం చివర్లోంచీ మధ్యలోంచీ కూడా హాయిగా వదిలేస్తాం. చిక్కంతా అక్కడే వస్తుంది. మనవాళ్లు ఉంచాల్సినవి వదిలేస్తారు, వదలొచ్చినవి పట్టుకుని కూర్చుంటారు. పదహారేళ్లుగా స్పోకెన్ ఇంగ్లీష్ నేర్పుతున్నాను, ప్రతి బ్యాచ్‌లోనూ ఇదే చూస్తున్నాను.

నిజానికి మీరు ఈ పని ఇప్పటికే రోజూ చేస్తున్నారు. "థాంక్యూ" అంటారు కదా, దాని పూర్తి రూపం "ఐ థాంక్ యూ". మొదట్లో "ఐ" రాలిపోయింది. "సారీ" అంటే "ఐ యామ్ సారీ". "ప్లీజ్" అనే మాట "ఇఫ్ యూ ప్లీజ్" లాంటి పాత మర్యాద వాక్యాల్లోంచి మిగిలిన ముక్క. "గుడ్‌బై" అయితే "గాడ్ బి విత్ యూ" అనే దీవెన నలిగి నలిగి అలా అయింది. వీటిని ఎవరూ తప్పు అనరు. డెన్మార్క్‌కు చెందిన భాషావేత్త ఒట్టో యెస్పర్సన్ ఇలా మొదటి మాటలు రాలిపోవడాన్ని గమనించి దానికి ప్రోసియోపీసిస్ అని ఒక పేరు కూడా పెట్టాడు. మనిషి మాట్లాడటం మొదలుపెడతాడు, కానీ గొంతు పలికేసరికి ఒకటి రెండు అక్షరాలు దాటిపోయి ఉంటాయి అని ఆయన వివరణ. పేరు గుర్తుపెట్టుకోనక్కర్లేదు, ఆ దృశ్యం గుర్తుంటే చాలు.

మరి మొదటివే ఎందుకు రాలతాయి? ఇంగ్లీషులో అన్ని మాటలనూ ఒకే బరువుతో పలకరు. విషయం మోసే మాటల మీద ఒత్తు పడుతుంది, "డూ", "యూ", "ఐ", "ఈజ్", "హ్యావ్" లాంటివి గబగబా నలిగిపోతాయి. "డూ యూ వాంట్ టు కమ్?" అన్న వాక్యాన్ని మామూలు వేగంతో వినండి. గట్టిగా వినిపించేవి "వాంట్", "కమ్" మాత్రమే. "డూ యూ" అనేది "జ్యూ" లాగా ఒక్క గుటకలో పోతుంది. ఆ గుటక కూడా పోతే మిగిలేది "వాంట్ టు కమ్?" అంతే. అంటే ఇది బద్ధకం కాదు, ఆ భాష నడక.

ఇప్పుడు అసలు విషయంలోకి వస్తాను. తెలుగులో "వెళ్ళాను" అంటే చాలు, ఎవరో తెలిసిపోతుంది. వెళ్ళాను, వెళ్ళావు, వెళ్ళాడు, వెళ్ళింది, వెళ్ళాం, వెళ్ళారు. ఎవరన్నది క్రియ తోకలోనే ఉంది. అందుకే "నేను" వదిలేసినా మనకు నష్టం లేదు. ఇంగ్లీషులో వీటన్నిటికీ ఒక్కటే "వెంట్". తోక లేదు. మరి "ఐ" వదిలేస్తే వినేవాడు ఎలా పోల్చుకుంటాడు? సందర్భాన్ని బట్టి. అందులో ఒక మామూలు అలవాటు ఉంది: చెప్పే వాక్యంలో ఎవరో లేకపోతే అది నేను, లేదా ఇప్పుడే మాట్లాడుకున్న సంగతి. అడిగే వాక్యంలో ఎవరో లేకపోతే అది మీరు.

"డోంట్ నో" అంటే నాకు తెలియదు. "కాంట్ హియర్ యూ" అంటే నాకు మీ మాట వినపడట్లేదు. "సౌండ్స్ గుడ్" అంటే మీరన్నది బాగుంది, అక్కడ పోయింది "దట్". "డిపెండ్స్" అంటే అది పరిస్థితిని బట్టి ఉంటుంది. "మేక్స్ సెన్స్", "షుడ్ బి ఫైన్", "లుక్స్ ఓకే టు మీ" ఇవన్నీ "ఇట్" లేదా "దట్" రాలినవి. అదే ప్రశ్న అయితే "గాట్ ఎ మినిట్?" అంటే మీకు ఒక్క నిమిషం ఉందా. "నీడ్ ఎనీ హెల్ప్?" అంటే మీకు సాయం కావాలా. "ఎవర్ ట్రైడ్ దిస్?" అంటే మీరెప్పుడైనా ఇది చేసి చూశారా.

మూడో మనిషి గురించి అయితే మాత్రం వదలకండి. మీ టీమ్‌లో ఒకామె త్వరగా ఇంటికి వెళ్లిపోయింది, మేనేజర్ ఫోన్‌లో మరేదో అడుగుతున్నాడు, మీరు ఉన్నట్టుండి "వెంట్ హోమ్ ఎర్లీ" అన్నారనుకోండి. మీరే త్వరగా ఇంటికి వెళ్లారనుకుంటాడు. "షీ వెంట్ హోమ్ ఎర్లీ" అనాలి.

మొదట్లోంచి తీసేటప్పుడు ఒక చోట మనవాళ్లందరూ జారుతారు. కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే దీన్ని సరిచేసుకుంటే సగం పని అయిపోతుంది. చాటింగ్‌లో, ఈమెయిల్స్‌లో, చివరికి ఫోన్‌లో కూడా "యామ్ కమింగ్", "యామ్ ఫైన్", "యామ్ నాట్ వెల్" అని వింటుంటాను. "ఐ" తీసేసి "యామ్" ఉంచేశారు. ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవాళ్లు మామూలుగా ఇలా అనరు. వాళ్లు అయితే "ఐమ్ కమింగ్" అంటారు, లేకపోతే రెండూ కలిపి తీసేసి "కమింగ్!" అంటారు. మధ్యలో ఆగరు. ఎందుకంటే మాట్లాడేటప్పుడు "ఐ యామ్" అనేది వాళ్ల నోట్లో రెండు మాటలు కాదు, "ఐమ్" అనే ఒక్క ముద్ద. ముద్ద ఉంటే ఉంటుంది, పోతే మొత్తం పోతుంది. "ఇట్స్ రెయినింగ్ అగైన్" కూడా అంతే, "రెయినింగ్ అగైన్" అవుతుంది. "ఈజ్ రెయినింగ్" అవదు. "ఐల్ సీ యూ టుమారో" అనేది "సీ యూ టుమారో" అవుతుంది.

నా దగ్గరికి ఒకబ్బాయి వచ్చేవాడు, మంచి తెలివైనవాడు. అతని సమస్య ఒక్కటే, ప్రతి వాక్యమూ "యామ్"తో మొదలయ్యేది. తప్పు అని చెప్తే తలూపేవాడు, మళ్లీ అదే. ఒకరోజు పలక మీద "ఐమ్" అని రాసి చుట్టూ గుండ్రంగా గీత గీశాను. "దీన్ని గులకరాయి అనుకో. జేబులో పెట్టుకుంటావా, పారేస్తావా? సగం చేసి పెట్టుకోవడం కుదరదు" అన్నాను. ఆ తర్వాత వారం రోజులు అతను మాట్లాడుతుంటే "యామ్" వచ్చినప్పుడల్లా నేను చూపుడువేలు ఎత్తేవాణ్ని, అతను ఆగి "ఐమ్" అని మళ్లీ మొదలుపెట్టేవాడు. రెండో వారానికి వేలు ఎత్తే పని పడలేదు. మీకు కూడా ఈ అలవాటు ఉంటే ఇంట్లో ఎవరినైనా వేలు ఎత్తమనండి.

ప్రశ్నల్లో ఇంకో మెట్టు ఉంది. "ఆర్ యూ కమింగ్ టు ద మీటింగ్?" అన్న వాక్యం తీసుకోండి. "ఆర్" పోతే "యూ కమింగ్ టు ద మీటింగ్?" అవుతుంది. ఇది స్నేహంగా ఉండే మాట. "యూ" కూడా పోతే "కమింగ్ టు ద మీటింగ్?" ఇంకా చనువు. ఇద్దరూ లేచి తలుపు వైపు నడుస్తుంటే "కమింగ్?" ఒక్కటే చాలు. నాలుగూ సరైనవే. అవతలి మనిషికి, మీకు మధ్య ఎంత సంగతి ముందే తెలిసి ఉందో దాన్ని బట్టి మెట్టు ఎంచుకోవడమే. కానీ ఇది "యూ"తో బాగా నప్పుతుంది. "యామ్ ఐ లేట్?" అనే దాంట్లో "యామ్" తీసి "ఐ లేట్?" అంటే అతకదు. "యూ ఓకే?" బాగుంటుంది, "ఐ ఓకే?" బాగోదు. "వాట్", "వేర్" లాంటి వాటితో మొదలయ్యే ప్రశ్నల్లో అయితే నేర్చుకునేవాళ్లు ఏమీ తీయకపోవడమే మంచిదని నా అభిప్రాయం. "వేర్ యూ గోయింగ్?" అని వాళ్ల నోట మీకు వినిపించొచ్చు. వాళ్లు చాలాసార్లు "ఆర్"ను తీయట్లేదు, "వేర్" చివర నలిపేస్తున్నారు. ఆ నలపడం మనకు రానంతవరకు "వేర్ ఆర్ యూ గోయింగ్?" అనడమే చక్కగా ఉంటుంది.

ఇక వాక్యం చివరి సంగతి. ఇక్కడ తెలుగు మనల్ని బాగా ఇబ్బంది పెడుతుంది. "ఫైల్ పంపారా?" "పంపాను." "చూశారా?" "చూశాను, నచ్చింది." దేన్ని పంపారో, దేన్ని చూశారో మళ్లీ అనం. అదే అలవాటుతో "ఐ విల్ సెండ్", "డిడ్ యూ లైక్?", "వీ ఎంజాయ్డ్" అంటాం. ఇంగ్లీషు చెవికి ఇవి సగంలో తెగిన వాక్యాలు. "ఐల్ సెండ్ ఇట్", "డిడ్ యూ లైక్ ఇట్?", "వీ ఎంజాయ్డ్ ఇట్" అనాలి. ఆ "ఇట్" చూడటానికి చీమంత, దానికి అర్థం కూడా పెద్దగా లేనట్టే ఉంటుంది, కానీ తీయడానికి లేదు. విచిత్రం ఏమిటంటే మొదట్లో ఉన్న "ఇట్" హాయిగా పోతుంది, చివర ఉన్న "ఇట్" పోదు. "లుక్స్ గుడ్, ఐ లైక్ ఇట్" అనే చిన్న వాక్యంలోనే రెండూ కనిపిస్తాయి.

"టు" కూడా అలాంటిదే. "వుడ్ యూ లైక్ టు జాయిన్ అస్?" అని అడిగితే "ఐడ్ లవ్ టు" అనాలి. తర్వాత "జాయిన్ యూ" అనక్కర్లేదు, అది వదిలేయొచ్చు. కానీ "టు" దగ్గర ఆగాలి, "ఐడ్ లవ్" అంటే వేలాడుతుంది. "ఐ డోంట్ వాంట్ టు", "ఐ యూజ్డ్ టు", "ఐ వాజ్ గోయింగ్ టు" ఇవన్నీ అంతే. ఆ "టు" ఒక కొక్కెం అనుకోండి. వదిలేసిన మాటలు దానికి తగిలించి ఉంటాయి.

జవాబుల దగ్గర మాత్రం మీరు చాలా మాటలు ఆదా చేసుకోవచ్చు. తెలుగులో ప్రశ్నలో ఉన్న క్రియనే తిరిగి చెప్పి జవాబిస్తాం: "వచ్చారా?" "వచ్చారు." అందుకే ఇంగ్లీషులో కూడా "డిడ్ దే కమ్?" అంటే "కేమ్" అంటాం, లేకపోతే భయపడి "యెస్, దే కేమ్ టు ద ఆఫీస్" అని పూర్తి వాక్యం చెప్తాం. ఇంగ్లీషు పద్ధతి ఈ రెండూ కాదు. ప్రశ్న మొదట్లో ఉన్న చిన్న క్రియను పట్టుకుని తిరిగి ఇచ్చేస్తారు. "డిడ్ దే కమ్?" "దే డిడ్." "హ్యావ్ యూ చెక్డ్?" "ఐ హ్యావ్." "కెన్ యూ స్టే?" "ఐ కాంట్." అంతే. ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. అలా చివర మిగిలిన చిన్న క్రియను కుదించకూడదు. "ఆర్ యూ రెడీ?" అంటే "యెస్, ఐ యామ్" అని విడిగా, ఒత్తి పలకాలి. "యెస్, ఐమ్" అనకూడదు. మొదట్లో "ఐ యామ్" కలిసిపోవడం ఎంత సహజమో, చివర విడిపోవడం అంత తప్పనిసరి. లేదని చెప్పే "కాంట్", "డోంట్", "హావెంట్" మాత్రం చివర కూడా కలిపే ఉండొచ్చు.

"ఐ థింక్ సో", "ఐ హోప్ సో", "ఐ హోప్ నాట్", "నాట్ యెట్", "నాట్ రియల్లీ", "ఆల్‌మోస్ట్", "మీ టూ", "మీ నైదర్" ఇలాంటివి ఒక ఇరవై నోటికి వస్తే ఆఫీసు సంభాషణలో మీ జవాబుల్లో చాలావాటికి ఇవే సరిపోతాయి. వీటిని గ్రామర్‌తో తయారుచేసుకోవద్దు, మొత్తం ముక్కగా అలవాటు చేసుకోండి. ఒక్క మాట, "విల్ డూ" అనేది ఎవరైనా పని చెప్పినప్పుడు "అలాగే చేస్తాను" అనడానికి. ఎక్కడికైనా రమ్మని పిలిస్తే "విల్ డూ" కాదు, "షూర్, లవ్ టు" అనాలి.

ఇప్పుడు మీరు రాసిన వాక్యాన్నే బల్ల మీద పెడదాం. "డిడ్ యూ ఫినిష్ ద రిపోర్ట్?" అని మేనేజర్ అడిగాడనుకుందాం. మీ జవాబు: "యెస్, ఐ హ్యావ్ కంప్లీటెడ్ ద వర్క్ విచ్ యూ హ్యావ్ గివెన్ టు మీ యెస్టర్‌డే."

చివరి నుంచి చూడండి. "హ్యావ్ గివెన్" పక్కన "యెస్టర్‌డే" కుదరదు. నిన్న అని కాలం తేల్చి చెప్పాక "యూ గేవ్" అనాలి. అంటే ఆ పొడుగు వాక్యంలో తప్పు కూడా ఉంది. నేను పదే పదే చెప్పేది ఇదే: మాట ఎక్కువైనకొద్దీ తప్పు దూరడానికి చోటు ఎక్కువ. సరే, "ద వర్క్ విచ్ యూ గేవ్ టు మీ యెస్టర్‌డే" చేశాం. "గేవ్ టు మీ" కన్నా "గేవ్ మీ" సులువు. "విచ్" తీసేయొచ్చు, "ద వర్క్ యూ గేవ్ మీ యెస్టర్‌డే" అవుతుంది. కానీ ఏ పని అన్నది మేనేజరే అడిగాడు కదా, ఆయనకు తెలుసు. మొత్తం తీసేస్తే "యెస్, ఐ హ్యావ్ కంప్లీటెడ్ ఇట్" మిగిలింది. ప్రశ్న "డిడ్"తో అడిగాడు కాబట్టి "యెస్, ఐ డిడ్". లేదా "యెస్, ఆల్ డన్". పదమూడు మాటలు మూడయ్యాయి, తప్పు కూడా పోయింది. మిగిలిన సమయంలో ఆయనకు నిజంగా కావలసింది చెప్పండి: "ఆల్ డన్. ఐ సెంట్ ఇట్ దిస్ మార్నింగ్."

ఇందాక మధ్యలోంచి మాటలు తేలిగ్గా రాలవని అన్నాను. అందులో వెసులుబాటు ఉన్న చోట్లు రెండు ఉన్నాయి. ఒకటి "ఐ థింక్ దట్ హీ ఈజ్ రైట్" లాంటి వాక్యాల్లో "దట్". థింక్, నో, హోప్, సే లాంటి మాటల తర్వాత అది పోయినా ఫర్వాలేదు, మాటల్లో అది పోవడమే ఎక్కువ. కానీ "హీ" పోకూడదు. "ఐ థింక్ ఈజ్ రైట్" తప్పు. రెండోది ఇప్పుడే చూసిన "విచ్". "ద ఫైల్ యూ సెంట్", "ద మ్యాన్ ఐ మెట్" అనొచ్చు, ఎందుకంటే "యూ", "ఐ" అని చేసినవాళ్లు అక్కడే ఉన్నారు. "ద మ్యాన్ హూ కాల్డ్ యెస్టర్‌డే"లో "హూ" తీయలేరు, ఎందుకంటే ఆ "హూ"నే ఫోన్ చేసిన మనిషి.

వదిలేయాల్సిన ఇంకో రకం మాటలు ఉన్నాయి. అవి ఇంగ్లీషు వాళ్లు వాడి వదిలేసేవి కావు, మనం తెలుగులోంచి తెచ్చి అతికించేవి. "దాని గురించి చర్చించాం" అంటాం కాబట్టి "వీ డిస్కస్డ్ అబౌట్ ఇట్" అంటాం. "డిస్కస్"లోనే "గురించి" ఉంది, "వీ డిస్కస్డ్ ఇట్" చాలు. "ఆయనకి ఫోన్ చేశాను"లో "కి" ఉంది కదా అని "ఐ కాల్డ్ టు హిమ్" అంటాం. "ఐ కాల్డ్ హిమ్" చాలు. "ఆయనతో చెప్పాను" అన్నప్పుడు "టోల్డ్ టు హిమ్" కాదు, "టోల్డ్ హిమ్". "తిరిగి వెనక్కి వచ్చాడు" అన్నట్టు "రిటర్న్డ్ బ్యాక్" అంటాం. "రిటర్న్" అంటేనే తిరిగి రావడం. "రిపీట్ అగైన్" కూడా అంతే. "ద రీజన్ ఈజ్ బికాజ్" అన్నప్పుడు కారణం రెండుసార్లు చెప్పినట్టు. ఇవి తీసేస్తే వాక్యం బరువు తగ్గుతుంది, తీయడంలో ఏ ప్రమాదమూ లేదు. ఇక్కడి నుంచే మొదలుపెట్టండి. "యాక్చువల్లీ", "బేసికల్లీ" అని ప్రతి వాక్యం ముందూ వేసుకోవడం కూడా చాలామందికి ఊతపదం అయిపోయింది. అది ఆలోచించుకోవడానికి తీసుకునే వ్యవధి. దానికి బదులు ఒక్క క్షణం మౌనంగా ఉండండి, ఎవరూ ఏమీ అనుకోరు.

కానీ "లిజన్ టు మీ", "వెయిట్ ఫర్ మీ", "ఎక్స్‌ప్లెయిన్ ఇట్ టు మీ" వీటిలో "టు", "ఫర్" తీయకండి. అనవసరంగా కనిపించినా అవి ఆ క్రియలతో పుట్టిన మాటలు. "వెంట్ టు ద బ్యాంక్" అన్నచోట "ద" కూడా అంతే. తెలుగులో ఆ చిన్న మాటకు జోడీ లేదు కాబట్టి మనకు అది దండగ అనిపిస్తుంది. పేపర్ హెడ్డింగుల్లో తీసేస్తారు, నోటితో మాట్లాడేటప్పుడు వాక్యం మధ్యలో తీయరు.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైన జాగ్రత్త. మాటలు తగ్గించడం నేర్చుకున్న కొత్తలో చాలామంది మర్యాదను కూడా తీసేస్తారు. మన భాషలో మర్యాద ఎక్కడుంది? "ఇవ్వు" అనేదానికి "అండి" చేరిస్తే "ఇవ్వండి". మూడక్షరాల్లోపే గౌరవం వచ్చేసింది. ఇంగ్లీషు క్రియకు ఆ "అండి" లేదు. దానికి బదులు వాళ్లు ముందు మాటలు పేరుస్తారు: "కుడ్ యూ", "వుడ్ యూ మైండ్", "ఐ వాజ్ వండరింగ్ ఇఫ్". "కుడ్ యూ" అంటే మన "అండి" అనుకోండి. అర్థం పరంగా చూస్తే అది అదనపు మాటే, తీసేసినా పని అర్థమవుతుంది. కానీ "కుడ్ యూ సెండ్ మీ ద ఫైల్?" అన్నదాన్ని "సెండ్ మీ ద ఫైల్" చేస్తే "పంపించండి" కాస్తా "పంపు" అయిపోతుంది. "డూ యూ", "హ్యావ్ యూ" తీయడం వేరు, "కుడ్ యూ" తీయడం వేరు. "గాట్ ఎ మినిట్?" అని మీ మేనేజర్‌ని మీరు అడిగినా మామూలుగా ఎవరూ తప్పు పట్టరు. "కమ్ హియర్ ఎ మినిట్" అంటే నొచ్చుకుంటారు.

ఒకామె కస్టమర్లతో మాట్లాడే ఉద్యోగంలో ఉండేది. పూర్తి వాక్యాలు మానుకోమని నేనే చెప్పాను. నెల తిరక్కముందే వచ్చి, "కస్టమర్లు నేను విసుక్కుంటున్నాను అంటున్నారు, చాలా టెన్షన్‌గా ఉంది" అంది. కాల్ ఎలా మాట్లాడుతుందో చేసి చూపించమన్నాను. "నేమ్?" "నంబర్?" "ప్రాబ్లమ్?" అని వరుసగా అడిగింది. ఆమె గొంతు ఎంతో మృదువు, అయినా వినడానికి పోలీసు విచారణలా ఉంది. ఏ మాటలు ఉంచాలో చెప్పకుండా ఏవి తీయాలో మాత్రమే చెప్పడం నా పొరపాటే. "కెన్ ఐ హ్యావ్ యువర్ నేమ్, ప్లీజ్?" అని ఒక్క ప్రశ్న పూర్తిగా అడిగి, తర్వాత "అండ్ యువర్ నంబర్?" అని కుదించమన్నాను. మొదటి వాక్యంలో పరిచిన మర్యాద రెండో ప్రశ్నను కూడా మోస్తుంది. ఫిర్యాదులు ఆగిపోయాయి. అప్పటినుంచి ఏ బ్యాచ్‌కైనా ముందు "అండి" సంగతి చెప్పాకే కుదించడం నేర్పుతున్నాను.

ఇంటర్వ్యూలో కూడా పూర్తిగా మాట్లాడండి. రెజ్యూమేలో "మేనేజ్డ్ ఎ టీమ్", "హ్యాండిల్డ్ క్లయింట్స్" అని "ఐ" లేకుండా రాయడం రివాజు. దాన్ని అలాగే బట్టీ పట్టి నోటితో అంటే కాగితం చదువుతున్నట్టు ఉంటుంది. "ఐ మేనేజ్డ్ ఎ టీమ్" అనండి. పరిచయం లేనివాళ్లతో మొదటి ఫోన్ కాల్‌లోనూ, డబ్బు లేదా ఆరోగ్యం లెక్కలు చెప్పేటప్పుడూ అంతే. అవతలివాళ్ల దగ్గర ముందు సమాచారం లేనప్పుడు వాళ్లు ఖాళీని పూరించుకోలేరు.

మనసుకు సంబంధించిన చోట్ల కూడా ఆ చిన్న "ఐ"కి బరువు ఉంటుంది. దారిలో భుజం తగిలితే "సారీ" చాలు. మీ వల్ల ఒక పని చెడిపోతే "ఐమ్ రియల్లీ సారీ అబౌట్ దట్" అనాలి, ఆ "ఐ"తో తప్పు మీ మీద వేసుకుంటున్నారు. ఫోన్ పెట్టేసేటప్పుడు ఇంట్లోవాళ్లతో "లవ్ యూ" అంటారు, మొదటిసారి ఆ మాట చెప్పే మనిషి మాత్రం "ఐ" వదలడు.

సాధన ఎలా చేయాలో కూడా చెప్తాను. రేపు ఒక కాల్‌లో మీరు అన్న పది వాక్యాలు గుర్తుపెట్టుకుని, సాయంత్రం కాగితం మీద పూర్తిగా రాయండి. పెన్సిల్‌తో మొదట్లోంచి ఒక్కో మాట కొట్టేస్తూ బిగ్గరగా చదవండి. ఎక్కడ ఆగాలో తెలియకపోతే వాక్యం చివర చిన్న ప్రశ్న తగిలించి చూడండి. "గోయింగ్ అవుట్, ఆర్ యూ?" అంటే పోయినవి "ఆర్ యూ" అని అదే చెప్పేస్తుంది. పోయిన మాటలు ఏమిటో మీరు చెప్పలేకపోతే ఆ వాక్యాన్ని ఇంకా కుదించొద్దు. పూర్తి వాక్యం నోటికి వచ్చినవాళ్లే కుదించాలి, మీకు వచ్చింది కాబట్టి చెప్తున్నాను. ఇన్నాళ్లు పూర్తి వాక్యాలు చెప్పిన శ్రమ ఎక్కడికీ పోలేదు. మొదటి వారం "సౌండ్స్ గుడ్", "నాట్ యెట్", "ఎనీ క్వశ్చన్స్?" ఈ మూడే పెట్టుకోండి. మూడూ ఎదుటివాళ్లను నొప్పించనివే.

ఒకవేళ మీరు కుదించి అన్న మాట అవతలివాళ్లకు అందకపోతే "సారీ?" అని గొంతు పైకి లేపి అడుగుతారు. అది మీ తప్పును ఎత్తిచూపడం కాదు, "ఇంకోసారి చెప్పగలరా" అనే పొడుగు వాక్యం అలా చిన్నదైంది. అప్పుడు అదే ముక్కను గట్టిగా మళ్లీ అనొద్దు. పూర్తి వాక్యం నెమ్మదిగా చెప్పండి.